పీసీ ఉంటే కన్సోల్ దండగా? ఆ ఫార్వర్డ్‌కు నా జవాబు

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర మా కంప్యూటర్ల అంగడికి వచ్చే పిల్లోళ్లు ఈమధ్య ఫోన్ తీసి ఒకటే ఫార్వర్డ్ చూపిస్తున్నారు. “గేమింగ్ పీసీ ఉన్నోడు కన్సోల్ కొంటే డబ్బు బూడిదలో పోసినట్టే” అని మొదలవుతుంది. కన్సోల్ అంటే టీవీకి తగిలించి గేములు ఆడుకునే పెట్టె; సోనీ ప్లేస్టేషన్, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్, నింటెండో స్విచ్ అలాంటివే. దాని కింద ఐదు మాటలు. ఒకటి, ఇప్పుడు గేములన్నీ పీసీకి వస్తున్నాయి. రెండు, కన్సోల్ కంటే పీసీకి బలం ఎక్కువ. మూడు, కన్సోల్ గేములు ఖరీదు, పైగా ఆన్‌లైన్ ఆడాలంటే చందా కట్టాలి. నాలుగు, అంతగా మనసు పడితే ఎక్స్‌బాక్స్ కొనుక్కో, గేమ్ పాస్ (చందా కడితే బోలెడు గేములు ఆడుకునే పథకం) ఉంది కాబట్టి అదే చవక. ఐదు, నింటెండో స్విచ్ చిన్నపిల్లల బొమ్మ, దాని జోలికి పోవద్దు.

పీసీలు బిగించి అమ్మడమే 14 ఏళ్లుగా నా బతుకుదెరువు. మా అంగట్లో కన్సోల్ ఒక్కటీ ఉండదు. కన్సోల్‌ను మెచ్చుకుంటే నాకొచ్చే లాభమేమీ లేదు. అయినా దీనికి జవాబు రాయాల్సిందే అనిపించింది. ఎందుకంటే దీన్ని నమ్మి మా ఇంటి మనిషే నష్టపోయాడు. అందుకే నాలుగో మాట నుంచి మొదలుపెడతా.

ధర్మవరంలో మా మేనత్త కొడుకు ఉన్నాడు, నాకు బామ్మర్ది వరుస. ఇంట్లో మగ్గాలున్నాయి. రాత్రిళ్లు కూడా నేసి దాచుకున్న డబ్బుతో మొదట నా దగ్గరే పీసీ బిగించుకున్నాడు. తర్వాత నాతో ఒక్కమాటైనా అనకుండా, ఈ ఫార్వర్డ్ చూసి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ తెప్పించుకున్నాడు. పెట్టె విప్పిన రోజు రాత్రి ఫోన్ చేసినాడు. “బావా, ఫోర్జా పెట్టినా. నా పీసీలో నేను కొన్న కార్లన్నీ ఇందులోనూ అట్లే నిలబడినాయి. నేను ఆపిన రేసు దగ్గర్నుంచే మొదలైంది. ఇప్పుడేం చేసేది?” అని అడిగినాడు. గొంతులో సంతోషం లేదు. పీసీలో ఉన్నదే ఇంకో పెట్టెలో కొనుక్కున్నానని వాడికి అర్థమైంది.

ఇది వాడి తప్పు కాదు, ఎక్స్‌బాక్స్ చెడ్డదీ కాదు. మైక్రోసాఫ్ట్ తన గేముల్ని ఎక్స్‌బాక్స్‌కూ విండోస్‌కూ ఒకే రోజు ఇవ్వడం 2016లోనే మొదలుపెట్టింది. ఫోర్జా హొరైజన్ 5, హేలో ఇన్ఫినిట్, స్టార్‌ఫీల్డ్ మూడూ తొలిరోజే పీసీలోకి వచ్చాయి. సేవ్ (ఎంతవరకు ఆడామో దాచుకున్న లెక్క) కూడా ఒక మిషన్ నుంచి ఇంకోదానికి తనంతట తనే వచ్చేస్తుంది. గేమ్ పాస్‌కు పీసీ చందా విడిగా ఉంది, దానికి ఎక్స్‌బాక్స్ అక్కర్లేదు. ఇక చవక అన్న మాట చూస్తే, 2025 అక్టోబర్‌లో గేమ్ పాస్‌లో పై రకమైన అల్టిమేట్ నెల చందాను అమెరికాలో 20 డాలర్ల నుంచి ఏకంగా 30కి పెంచారు. ఇంకో సంగతి కూడా ఉంది. ఫోర్జా హొరైజన్ 5 ఇప్పుడు ప్లేస్టేషన్ 5లో కూడా దొరుకుతుంది, 2025 ఏప్రిల్‌లో వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో గేర్స్ ఆఫ్ వార్ కూడా వచ్చింది. పీసీ లేని ఇంటికి సిరీస్ ఎస్ మంచి బేరమే. పీసీ పక్కన పెట్టుకోవడానికి మాత్రం ఉన్న మూడు కన్సోళ్లలో తక్కువ పనికొచ్చేది అదే. ఫార్వర్డ్ రాసినవాళ్లు సరిగ్గా దాన్నే కొనమన్నారు, నా బాధంతా అక్కడే.

ఇప్పుడు మొదటి మాట: గేములన్నీ పీసీకి వస్తున్నాయి. సగం నిజమే, కానీ ఎప్పుడొస్తున్నాయో చూడండి. గాడ్ ఆఫ్ వార్ 2018 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 4కు వస్తే పీసీకి 2022 జనవరిలో వచ్చింది. ఘోస్ట్ ఆఫ్ సుషిమా 2020 జులై నుంచి 2024 మే దాకా, అంటే దాదాపు నాలుగేళ్లు ఆగాల్సి వచ్చింది. స్పైడర్‌మ్యాన్ 2కి 15 నెలలు పట్టింది. హెల్‌డైవర్స్ 2 లాగా రెండింటికీ ఒకేరోజు వచ్చిన సోనీ గేములు అరుదు. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో మొదలైన ఎదురుచూపు కాలేజీ వదిలేటప్పుడు తీరితే దాన్ని “వస్తుంది” అంటే సరిపోదు. బ్లడ్‌బోర్న్ 2015లో వచ్చింది, పీసీకి ఇప్పటికీ రాలేదు. గ్రాన్ టురిస్మో 7 రాలేదు, ఆస్ట్రో బాట్ రాలేదు.

సోనీ సంగతి పక్కన పెట్టి, మన హాస్టళ్లలో అందరూ ఆడే జీటీఏ తీసుకుందాం. జీటీఏ 5 కన్సోళ్లకు 2013 సెప్టెంబర్‌లో, పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది. అదే కంపెనీ రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కు పీసీ వాళ్లు ఏడాది పైన ఆగారు. జీటీఏ 6ను ప్రకటించినప్పుడూ ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ పేర్లే చెప్పారు, పీసీ పేరెత్తలేదు. “అన్నా, దానికోసం ఏ గ్రాఫిక్స్ కార్డు వేయించుకోవాలి?” అని అడిగే పిల్లోళ్లకు నేను చెప్పేది ఒకటే: ఆ లెక్కతో ఇప్పుడే కార్డు కొనొద్దు నాయనా. అమ్ముకునేవాణ్ని నేనే అయినా చెప్తున్నా.

ఇక నింటెండో గేములు. అవి ఆలస్యంగా రావడం కాదు, అసలు రావు. జెల్డా, మారియో కార్ట్, మారియో ఒడిస్సీ ఏవీ పీసీలో దొరకవు. “ఎమ్యులేటర్ ఉంది కదా” అంటారు, అంటే స్విచ్ గేములను పీసీలో ఆడించే సాఫ్ట్‌వేర్. వాటిలో పేరుమోసిన యూజూ మీద నింటెండో కేసు వేస్తే 2024 మార్చిలో 24 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుని మూసేశారు. అదే ఏడాది అక్టోబర్‌లో ర్యూజిన్‌ఎక్స్ కూడా ఆగిపోయింది. ఇంకొకరి కష్టాన్ని దొంగదారిన తెచ్చుకోవడం సరైన పనీ కాదు. దాన్ని నమ్ముకుని లెక్కలు వేసుకోవద్దు.

రెండో మాట బలం గురించి. ప్లేస్టేషన్ 5లో ఉన్నది 2020 నాటి సరుకు. ఇవాళ్టి మంచి కార్డు దాన్ని దాటేస్తుంది, కాదనను. కానీ పక్కన పెట్టుకునే మిషన్‌కూ పీసీకీ కుస్తీ ఎందుకు? పీసీ చేయలేనిది అది చేస్తుందా లేదా అన్నదే కదా చూడాల్సింది.

బలంతో తీరని ఇబ్బంది ఒకటుంది, రోజూ అంగట్లో చూస్తుంటా. కొత్త గేమ్ పీసీలో మొదటిసారి ఆడేటప్పుడు చక్కగా పోతూపోతూ ఉన్నట్టుండి ఒక్క క్షణం ఆగి కొట్టుకుంటుంది. కొత్త చోటికి వెళ్తే మళ్లీ అంతే. కార్డు పాడైందేమోనని పట్టుకొస్తారు. పాడవలేదు. తెరమీద వెలుగు ఎలా పడాలో, నీళ్లు ఎలా మెరవాలో చెప్పే చిన్నచిన్న ప్రోగ్రాములను షేడర్లు అంటారు. పీసీల్లో ఒక్కొక్కరిది ఒక్కో కార్డు, ఒక్కో డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) కాబట్టి ఆ షేడర్లను ఎవరి మిషన్‌లో వాళ్లే తయారు చేసుకోవాలి. ఆట నడుస్తుండగా ఆ పని పడితే కొట్టుకుంటుంది. ప్లేస్టేషన్‌లో అందరికీ ఒకటే చిప్ కాబట్టి కంపెనీవాళ్లే ముందుగా తయారు చేసి పంపిస్తారు. ది లాస్ట్ ఆఫ్ అస్ మొదటి భాగం 2023 మార్చిలో పీసీకి వచ్చినప్పుడు ఈ షేడర్ల తయారీకే చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది. ఆనాడు బలమైన పీసీలున్నవాళ్లూ తిట్టుకున్నారు. తర్వాత అప్‌డేట్లతో బాగుపడింది.

ఫార్వర్డ్‌లో అసలే లేనిది హాలు. మా ఇంట్లో పీసీ నా గదిలో, టీవీ హాల్లో. క్యాబినెట్ మోసుకొచ్చి టీవీ కింద పెట్టి, కీబోర్డు, మౌసు ఒళ్లో పెట్టుకుని ఎన్నిరోజులు ఆడతాం? రెండేళ్ల కిందట ప్లేస్టేషన్ తెచ్చి టీవీ పక్కన పెట్టినా. సాయంత్రం పూట మా పాప ఆస్ట్రో బాట్ ఆడుతుంది. దూకలేని చోట రిమోట్ వాళ్లమ్మ చేతికిస్తుంది. మా జేజికి తొంభై దగ్గర పడుతున్నాయి. మంచం మీద కూర్చుని “ఆ బుడ్డోడు మళ్లీ పడిపాయనా?” అని అడుగుతుంది. నా గదిలోని పీసీ దగ్గరికి జేజి ఏనాడూ రాలేదు. ఎంత ఖరీదైన కార్డు వేసినా ఆ పని నా పీసీతో కాలేదు.

మన ఊరి ఎండ, కరెంటు సంగతి కూడా చెప్పాలి. ప్లేస్టేషన్ 5 పెద్ద గేమ్ ఆడేటప్పుడు సుమారు 200 వాట్లు లాగుతుంది. ఇంటి ఇన్వర్టర్ దాన్నీ టీవీనీ మోయగలదు. కాకపోతే ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ అని మీట ఉంటే అటు వేసి పెట్టండి, లేకపోతే కరెంటు పోయి మళ్లీ అందుకునే సందులో మిషన్ ఆగిపోతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన అనంతపురంలో టీవీ స్టాండు అరలోకి తోసి పెట్టొద్దు, వెనక గాలి ఆడాలి. పక్క పలకలు ఊడదీస్తే దుమ్ము చేరడానికే పెట్టిన రంధ్రాలు కనిపిస్తాయి, వాక్యూమ్ అక్కడ పెట్టి లాగితే చాలు.

మూడో మాటలో నిజముంది, దాచను. డబ్బు పెట్టి కొన్న గేమును ప్లేస్టేషన్‌లో ఆన్‌లైన్ ఆడాలంటే ప్లేస్టేషన్ ప్లస్ అనే చందా కట్టాలి, పీసీలో అక్కర్లేదు. సోనీ పెద్ద గేములు ఇండియాలో 4,999 దాకా ఉంటాయి, పీసీ గేములమ్మే ఆన్‌లైన్ అంగడి స్టీమ్ సేల్‌లో పాత గేములు అంతకు చాలా తక్కువకే వస్తాయి. కానీ ఫార్వర్డ్ చెప్పనివి కూడా ఉన్నాయి. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేములకు ప్లస్ అక్కర్లేదు. ఒకే సోఫాలో ఇద్దరు పక్కపక్కన ఆడటానికీ అక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యం, సీడీ. స్టీమ్‌లో కొన్న గేమ్ మీ ఖాతాకే కట్టుబడి ఉంటుంది, ఇంకొకరికి అమ్మలేరు. ప్లేస్టేషన్ సీడీ ఆడేశాక అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు. మనకు బెంగళూరు దగ్గరే. మెజెస్టిక్‌లో రైలు దిగితే నేషనల్ మార్కెట్‌లో పాత సీడీలు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఉన్నారు. పీసీ సామాన్లకు ఎస్పీ రోడ్డుకు పోయినప్పుడల్లా నేను రెండు సీడీలు ఇచ్చి ఒకటి తెచ్చుకుంటా. ప్లేస్టేషన్ 4 సీడీలు కూడా 5లో ఆడతాయి, అవి ఇంకా చవక.

కాబట్టి పీసీ ఉన్నవాళ్లు సీడీ పెట్టే డిస్క్ డ్రైవ్ ఉన్న ప్లేస్టేషనే తీసుకోవాలి. 2024 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 5లో సన్న మోడల్ అయిన స్లిమ్ ఇండియాకు వచ్చినప్పుడు డ్రైవ్ ఉన్నది 54,990, లేనిది 44,990. ఆ పదివేలు మిగుల్చుకుందామని డ్రైవ్ లేని డిజిటల్ మోడల్ కొన్నవాళ్లు సీడీల బేరం మొత్తం పోగొట్టుకున్నట్టే. స్లిమ్‌కైతే డ్రైవ్ తర్వాత విడిగా కొని తగిలించుకోవచ్చు. రెండుచోట్లా దొరికే గేమును పీసీలో కొనండి. పీసీకి రానిదీ, ఆలస్యమయ్యేదీ మాత్రమే సీడీగా తీసుకోండి.

ఐదో మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. జెల్డా ఆడి చూసినవాళ్లెవరూ స్విచ్‌ను బొమ్మ అనరు. పీసీలో దొరకని గేములు దాంట్లోనే ఎక్కువ. బస్సులో పట్టుకుని ఆడొచ్చు, ఇంటికొచ్చి టీవీకి తగిలించొచ్చు. అసలు భయపడాల్సింది కొనే చోట. నింటెండో స్విచ్‌ను మన దేశంలో అధికారికంగా అమ్మలేదు, బయటినుంచి తెచ్చినవే దొరుకుతాయి. కంపెనీ వారంటీ ఉండదు. పక్కనుండే చిన్న రిమోట్ల కడ్డీలు తాకకపోయినా కొన్నాళ్లకు తెరమీద బొమ్మ తనంతట తనే జరిగిపోవడం దీనికి తెలిసిన జబ్బే, అది మీ చేతి ఖర్చే. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2లో ఇంకో చిక్కు ఉంది. జపాన్‌లో తక్కువ ధరకు అమ్మేదాంట్లో జపాన్ భాష తప్ప ఇంకో భాష ఉండదు, జపాన్ ఖాతా తప్ప పనిచేయదు. ఒక అంగట్లో ఈ సంగతి చెప్పకుండానే అంటగడుతుంటే కళ్లారా చూశాను. పెట్టె మీద భాషలు చదివి, ఆన్ చేయించి, ఇంగ్లిష్ వస్తేనే డబ్బు ఇవ్వండి.

పోయిన శనివారం జేఎన్‌టీయూలో చదివే పిల్లోడొకడు అదే ఫార్వర్డ్ పట్టుకుని వచ్చాడు. ఎక్స్‌బాక్స్‌కు డబ్బు సిద్ధంగా ఉందంట, ఏది మేలో చెప్పమన్నాడు. “నీ పీసీ యాడుంది?” అని అడిగినా. హాస్టల్ గదిలో అన్నాడు. “టీవీ?” తాడిపత్రిలో ఇంట్లో అన్నాడు. “ఎవరితో ఆడతావు?” అంటే కొంచెం ఆగి చెప్పాడు, “మా అక్కతో అన్నా. చిన్నప్పుడు పసుపుపచ్చ క్యాసెట్ పెట్టి మారియో ఆడేవాళ్లం. నాది అయిపోతే నా వంతు కూడా తనే ఆడేసేది.” ఇప్పుడు అక్కకు చిన్న బిడ్డ, పుట్టింట్లోనే ఉందంట.

అక్కతో మారియో ఆడినవాడికి నేను ప్లేస్టేషన్ కూడా చెప్పలేదు. ఏ స్విచ్ అడగాలో, పెట్టె మీద ఏం చూడాలో కాగితం మీద రాసిచ్చినా. జేబులో పెట్టుకుని, ఆదివారం పొద్దున బెంగళూరు బండి ఎన్ని గంటలకని అడిగి పోయాడు.