ఐదో పార్టిషన్: దాటవేశాం. ఫలితం: విజయవంతం

మహారాజశ్రీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ గారి దివ్య సముఖానికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నా విండోస్ క్షేమం. నా లినక్సులు (విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపేవి) రెండూ తమరి దయవల్ల పైలోకాల్లో క్షేమంగా ఉన్నాయని తలుస్తాను.

నన్ను గుర్తుపట్టారో లేదో. ప్రతి ఆదివారం రాత్రి పదింటికి మీరు లేచి, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌ను కాసేపు గిర్రున తిప్పి, తెర మూలన ఒక ఆకుపచ్చ టిక్కు పెట్టి మళ్లీ పడుకునేవారే, ఆ డెస్క్‌టాప్ నాదే. ఎనిమిది నెలలు అలా జరిగింది. టిక్కులు నేను లెక్కపెట్టుకోలేదు, మీరే లెక్కపెట్టి చూపించారు: "34 విజయవంతమైన బ్యాకప్‌లు". ఆ అంకె చూసుకుని నిశ్చింతగా నిద్రపోయాను.

నా డిస్కు సంగతి మీకు తెలియాలి, కానీ తెలియదు కాబట్టి చెప్తాను. 500 జీబీ, డిస్కును గదులుగా (వాటినే పార్టిషన్లంటారు) విడగొట్టి పట్టిక రాసుకునే పాతకాలపు ఎంబీఆర్ పద్ధతి. మొదటి రెండు పార్టిషన్లూ విండోస్‌వి, వాటి ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను డిస్కు మీద సర్దే పద్ధతి) ఎన్‌టీఎఫ్‌ఎస్. ఎంబీఆర్‌లో ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకు మించి కుదరవు, అందుకని మిగతావాటిని ఎక్స్‌టెండెడ్ అనే పెద్ద పెట్టెలో సర్దాను. లినక్స్ లెక్కలో ఆ పెట్టెలోవాటి నంబర్లు 5 నుంచి మొదలవుతాయి. ఐదోది 120 జీబీ, లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4, పని చేసుకునే లినక్స్. ఆరోది 200 జీబీ, ఇంకో ఫైల్ సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్, ప్రయోగాలు చేసుకునే లినక్స్. ఏడోది 8 జీబీ స్వాప్, దాని సంగతి తర్వాత. ఒక్క డబ్బాలో ఇన్ని కాపురాలు ఎందుకని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్న ఇంట్లోవాళ్లు రోజూ అడుగుతూనే ఉన్నారు.

మీ తెర మీద మొదటి రెండు పార్టిషన్లూ నీలం రంగులో మెరిసేవి. పేరుండేది, ఎంత నిండిందో చూపే గీత ఉండేది. మిగతా మూడూ బూడిద రంగు, మూడింటికీ కలిపి ఒకటే పేరు, "తెలియని ఫైల్ సిస్టమ్". పక్కనున్న చెక్‌బాక్సు కూడా బూడిద రంగే. నేను "డిస్కు మొత్తం" అనే బటన్ నొక్కి ఉన్నాను గదా, అందుకని ఆ బూడిద రంగుకు "మీరు నొక్కక్కర్లేదు, నేను చూసుకుంటాను" అని అర్థం చెప్పుకున్నాను. "మీరు నొక్కలేరు" అని దాని అర్థమట. రంగుల భాష నాకు అంత బాగా రాదు.

ఒక మంగళవారం పొద్దున డిస్కు టక్ టక్ మని కొట్టుకుని ప్రాణం వదిలింది. నాకేమీ కంగారు లేదు, 34 టిక్కులున్నాయి. అదే సైజు కొత్త డిస్కు పెట్టి రీస్టోర్ నొక్కాను. విండోస్ వాల్‌పేపర్‌తో సహా లేచి కూర్చుంది. ఆ మాట ఒప్పుకోవాలి, అది మాత్రం ముచ్చటగా చేశారు. ఆ పక్కన నా లినక్సులు ఉండాల్సిన చోట "కేటాయించని స్థలం" అని ఉంది. పెన్‌డ్రైవ్‌లో నాలుగు నెలల కిందటి కాపీ ఒకటి దొరకబట్టి కొంత దక్కింది. మధ్యలో రాసుకున్న నోట్సు, స్క్రిప్టులు గంగపాలు.

అప్పుడు వెతికాను మీ లాగ్ ఫైలును. ఫోల్డర్ లోపల ఫోల్డర్, దాని లోపల ఇంకో ఫోల్డర్. దొంగసొత్తు కూడా ఎవరూ అంత లోతుగా దాచరు. 214వ లైన్ నుంచి ఇలా ఉంది:

5వ పార్టిషన్: ఫైల్ సిస్టమ్‌కు మద్దతు లేదు, దాటవేశాం.
6వ పార్టిషన్: ఫైల్ సిస్టమ్‌కు మద్దతు లేదు, దాటవేశాం.
7వ పార్టిషన్: ఫైల్ సిస్టమ్‌కు మద్దతు లేదు, దాటవేశాం.
ఫలితం: విజయవంతం.

ఆ నాలుగో లైనును నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. పైమూడు లైన్లు రాసిన చెయ్యే ఆ నాలుగోది కూడా రాసిందా, లేక మధ్యలో షిఫ్ట్ మారిందా?

"తెలియని" అన్నారు గదా, ఆ మాట దగ్గర కాస్త ఆగుదాం. ఈఎక్స్‌టీ4 ఏమీ నిన్న పుట్టలేదు. 2008 డిసెంబరులో లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ 2.6.28తో స్థిరమైనదిగా బయటికొచ్చింది. ఆ ఏడాది పుట్టిన పిల్లలు సొంతంగా కంప్యూటర్ విప్పి బిగించే వయసుకొచ్చారు. పోనీ, గుర్తుపట్టడం కష్టమా అంటే, ఎంబీఆర్ పట్టికలో ఆ పార్టిషన్ గడప మీదే హెక్సాడెసిమల్‌లో (పదహారు అంకెల లెక్కలో) 83 అని రాసి ఉంటుంది, అంటే లినక్స్ అని. ఇంకా అనుమానమైతే గడప దాటి 1024 బైట్లు లోపలికి వెళ్తే ఫైల్ సిస్టమ్ వివరాలుండే సూపర్‌బ్లాక్ మొదలవుతుంది. అందులో ఇంకో 56 బైట్లు జరిగితే ఈఎఫ్53 అనే గుర్తు కూర్చుని ఉంటుంది. రెండంటే రెండు బైట్లు. నేమ్‌ప్లేట్ తగిలించుకున్న మనిషి ఎదురుగా నిలబడి "ఎవరో తెలీదు" అన్నట్టుంది మీ వరస. లోపలున్నదంతా చదవడం రాకపోతే పోనీ, పేరైనా రాయొచ్చుగా?

ఈఎక్స్‌టీ4 లోపలి నిర్మాణమంతా బహిరంగమే. కోడ్ ఉంది, పత్రాలున్నాయి, ఎవరైనా చదువుకోవచ్చు. మరి 1993లో వచ్చిన మీ ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు అలాంటి పూర్తి పత్రమేదీ బయటికివ్వలేదు. అయినా లినక్స్ వాళ్లు డిస్కు మీది బైట్లను పట్టి పట్టి చూసి, ఏ అంకె మారితే ఏమవుతోందో గమనించి, 2007 నాటికి, లినక్స్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదివి రాసే ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీకి స్థిరమైన వెర్షన్ తెచ్చారు. పుస్తకం లేనివాళ్లు చదివి పాసయ్యారు. పుస్తకం చేతిలో ఉన్న తమరు "సిలబస్‌లో లేదు" అంటున్నారు.

సరే, అయిందేదో అయింది. రెండు లినక్సులూ మళ్లీ ఎక్కించుకున్నాను. ఈసారి తమరి అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి "సెక్టార్ బై సెక్టార్" అనే పెట్టెలో టిక్కు పెట్టాను. ఫైల్ సిస్టమ్ ఏమిటో తెలియకపోయినా ఉన్న సెక్టార్లన్నీ (డిస్కు మీది చిన్న చిన్న గళ్లన్నీ) వరసగా కాపీ చేస్తారట. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డారు. ఐదోదాంట్లో సామాను 18 జీబీ, ఆరోదాంట్లో 55, మొత్తం కలిపి 73. మీరు కట్టిన మూట, కంప్రెషన్ అయ్యాక కూడా, 290 జీబీ. ఎందుకంటే ఖాళీ అనిపించే చోటంతా నిజానికి ఖాళీ కాదు, చెరిపేసిన ఫైళ్ల శేషాలుంటాయి. ఏ బ్లాక్ వాడుకలో ఉందో, ఏది లేదో చెప్పే పట్టిక ఆ ఫైల్ సిస్టమ్‌లోనే ఉంటుంది. అది మీరు చదవలేరు గనక నేను ఎప్పుడో తీసేసిన ఇన్‌స్టాలర్లను, సగంలో ఆగిన డౌన్‌లోడ్లను కూడా భక్తిశ్రద్ధలతో భద్రపరిచారు.

స్వాప్ సంగతి ఇంకా ముచ్చట. స్వాప్ అంటే ర్యామ్ చాలనప్పుడు గీసి పారేసే చిత్తుపుస్తకం. షట్‌డౌన్ చేశాక అందులో ఉన్నది ఎవరికీ అక్కర్లేదు. మీరు మాత్రం చిత్తుకాగితాల బుట్టను తీసుకెళ్లి లాకర్లో పెట్టినట్టు 8 జీబీనీ వారం వారం కాపీ చేశారు. మూడో ఆదివారానికి నా 1 టీబీ డ్రైవ్ నిండిపోయి, "స్థలం చాలదు" అని ఎర్ర గుర్తు వచ్చింది. మన మధ్య అదే మొదటి నిజం.

ఇల్లు అలకగానే పండగ కాదు గదా, ఈసారి రీస్టోర్ కూడా చేసి చూద్దామనుకున్నాను. ముందు 480 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టాను. విండోస్, లినక్సులు అన్నీ కలిపినా నా సామాను 165 జీబీ లోపే. "లక్ష్య డిస్కు చిన్నది" అన్నారు. సెక్టార్ పద్ధతిలో తీసిన ఇమేజ్‌ను (అచ్చు నకలును) ఉన్న కొలతకన్నా తక్కువలో పరచడం కుదరదట. వేరే 500 జీబీ డిస్కు పెట్టాను, ఐదు గంటలు పట్టింది. రీబూట్ చేస్తే నల్లటి తెర మీద ఎడమ మూలన "గ్రబ్" అని ఇంగ్లిషులో నాలుగు అక్షరాలు, పక్కన మిణుకుమంటున్న కర్సరు. అంతే. విండోస్ కూడా రాలేదు, ఎందుకంటే దాని దారి కూడా గ్రబ్ (కంప్యూటర్ ఆన్ చేయగానే విండోస్‌నో లినక్స్‌నో లేపే బూట్‌లోడర్) గుండానే.

ఏం జరిగిందో తెలుసుకోవడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. డిస్కు మొదటి సెక్టార్ 512 బైట్లు. అందులో 446 బూట్ కోడ్‌కి, 64 పార్టిషన్ పట్టికకి, 2 సంతకానికి. ఆ 446 బైట్లలో బూట్‌లోడర్ ఎక్కడ ఇముడుతుంది? అందుకే గ్రబ్ తన తలను మాత్రం అక్కడ పెట్టి, మొండేన్ని మొదటి పార్టిషన్‌కు ముందున్న ఖాళీ సెక్టార్లలో దాచుకుంటుంది. మీరు తలను జాగ్రత్తగా తెచ్చారు. మొండెం ఉన్న చోటు ఏ పార్టిషన్‌లోనూ లేదు కాబట్టి వదిలేశారు. పేరుకు సెక్టార్ బై సెక్టార్! లైవ్ యూఎస్‌బీతో (డిస్కుతో పనిలేకుండా లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్‌తో) బూట్ చేసి గ్రబ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే పది నిమిషాల్లో అన్నీ లేచాయి. ఆ ఐదు గంటల పనికీ పైన మీరు పెట్టింది మళ్లీ ఆకుపచ్చ టిక్కే.

మీ ఒక్కరినే అంటున్నానని అనుకోకండి. లినక్స్ వైపు పనిముట్లకూ తిక్కలున్నాయి. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది, షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను ఇమేజ్ తియ్యమంటే, డిస్కుల నకళ్లు తీసే క్లోన్‌జిల్లా అనే పనిముట్టు మొండికేసింది. "ఈ పార్టిషన్ సరిగ్గా మూయలేదు, ముందు విండోస్‌లోకి వెళ్లి పూర్తిగా ఆపిరా" అన్నట్టు ఓ నాలుగు లైన్లు పడేసి ఆగిపోయింది. టిక్కూ లేదు, రంగూ లేదు, మర్యాద అసలే లేదు. కానీ నా మొహం మీద చెప్పింది. తనకు తెలిసిన ఫైల్ సిస్టమ్ అయితే వాడుకలో ఉన్న బ్లాకులే తీస్తుంది. తెలియనిదైతే మొత్తం తీస్తూ, ఆ సంగతి తెర మీదే రాస్తుంది.

కనుక పని విభజన చేశాను. మొదటి రెండు పార్టిషన్లు తమరివే, వాటి జోలికి ఎవరూ రారు. ఐదు, ఆరు ఇకపై క్లోన్‌జిల్లా చూసుకుంటుంది. రోజువారీ ఫైళ్లకు ఆర్‌సింక్ అనే కాపీ పనిముట్టు ఉంది, అదీ ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసిన డ్రైవ్ మీదికి. (ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్ మీదికి కాపీ చేస్తే పర్మిషన్లు, లింకులు అన్నీ ఊడిపోయి వచ్చాయి. అది వేరే ఏడుపు.)

తమరికి ఈఎక్స్‌టీ4 నేర్పమని మీ వాళ్లను అడగను. ఆ నాలుగో లైను మార్చమని మాత్రం అడుగుతున్నాను. "5లో 2 తీశాం, 3 తీయలేదు" అని ఆ టిక్కు పక్కనే రాయండి. టిక్కు ఏ రంగులో పెట్టుకుంటారో మీ ఇష్టం. చిత్తగించవలెను.

ఇట్లు,
తమరు దాటవేసిన ఐదో పార్టిషన్ యజమాని

తా.క.: నా స్వాప్ తాలూకు కాపీలు రెండు, మీరు కష్టపడి తీసినవి, ఇంకా నా డ్రైవ్‌లోనే ఉన్నాయి. ఒక్కొక్కటి 8 జీబీ. చెరిపేయడానికి మనసొప్పడం లేదు, మీకు కావాలంటే పంపిస్తాను.