ఏనుగు కొన్నాక అంకుశం బేరం

లక్ష రూపాయల హెడ్‌ఫోను కొని, దాన్ని మోగించే యాంప్ (యాంప్లిఫయర్) దగ్గరకొచ్చేసరికి ‘పదివేల లోపు ఏదైనా ఉందా అన్నా?’ అని అడిగే తెలుగువాణ్ణి బెంగళూరులో చిన్నచూపు చూడటం బాగా ఎక్కువైంది. మారతహళ్లి మెస్సులో గోంగూర పప్పు కలుపుకుంటూ కూడా జనం అతణ్ణి వదలరు. ‘ఏనుగు కొన్నోడివి, అంకుశం దగ్గర ఏంట్రా పీనాసితనం?’ అంటారు. హెడ్‌ఫోను ధర ఎంతో యాంప్ ధరా అంత ఉండాలని శాస్త్రమట. ఏ శాస్త్రం, ఎన్నో అధ్యాయం అని అడిగితే వీడియో లింకు పంపుతారు. ఆ పీనాసి పక్షాన వకాల్తా పుచ్చుకోవడానికే ఈ వ్యాసం. అంకుశమంటే ఓ ఇనుప కొక్కెం. ఏనుగు బరువుని బట్టి దానికి ధర కట్టిన మావటి ఇంతవరకూ లేడు.

అసలీ ఏనుగు తినేదెంత? 1997లో వచ్చి ఇప్పటికీ అమ్ముడవుతున్న సెన్‌హైజర్ హెచ్‌డీ 600నే తీసుకోండి. ఇంపెడెన్స్, అంటే కరెంటుకి అది పెట్టే అడ్డు, 300 ఓములు. ఒక మిల్లీవాట్ పెడితే 97 డెసిబెల్స్ మోగుతుంది. పాటలో డోలు మీద పడే ఒక్క దెబ్బ 110 దాకా వెళ్లనిద్దాం. పాటంతా అదే మోత కావాలనేవాళ్లు యాంప్ మానేసి చెవి డాక్టర్ని చూసుకోవడం మేలు. ఉద్యోగుల ఆరోగ్యం చూసే అమెరికా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 100 డెసిబెల్స్‌ని రోజుకి 15 నిమిషాలకు మించి వినకూడదు. సరే, 97 నుంచి 110కి 13 మెట్లు. మొదటి పది మెట్లకి పవరు పదింతలు, మిగతా మూడింటికి దానికి రెట్టింపు. వెరసి 20 మిల్లీవాట్లు, అంటే 0.02 వాట్లు. దాన్ని ఓములతో, అంటే 300తో గుణిస్తే 6, దాని వర్గమూలం 2.45. కావలసింది రెండున్నర వోల్టులు. ఇరవై ఏళ్ల హోమ్‌లోను మీద పావు శాతం వడ్డీ తగ్గితే మిగిలేదెంతో నోటికి చెప్పే మనవాళ్లు, కరెంటు బిల్లు వెనకాల పట్టే ఈ మూడు లైన్ల దగ్గర మాత్రం ఎందుకో ‘ఫీల్’ని నమ్ముకుంటారు.

ఇప్పుడు వెయ్యి రూపాయలకి అటూ ఇటూగా దొరికే యాపిల్ టైప్-సి డాంగిల్ని, అంటే ఫోను చార్జింగ్ కన్నానికి హెడ్‌ఫోను తగిలించే తోకని చూడండి. బల్లితోకంత ఉంటుంది కాబట్టి మర్యాద దక్కదు. అదిచ్చేది ఒక వోల్టు (యూరప్‌లో అమ్మే మోడల్‌దైతే అందులో సగమే). ఆ ఒక్క వోల్టుకే హెచ్‌డీ 600 మీద 102 డెసిబెల్స్ వస్తాయి. సినిమా పాటలకి అది చాలు. మంద్రంలో మొదలయ్యే కచేరీ రికార్డింగులకి ఓ ఎనిమిది డెసిబెల్స్ లోటు పడుతుంది. రెండు వోల్టుల డాంగిల్ తెచ్చుకుంటే 108, లోటు దాదాపు తీరిపోయినట్టే. ఒక్క జాగ్రత్త: చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో యాపిల్ డాంగిల్ గొంతు పెగలదు. ఫోను వాల్యూం నిండుగా చూపిస్తున్నా, డాంగిల్ లోపలుండే సొంత వాల్యూం కిందే ఉండిపోతుంది. ‘దీనికి పవర్ లేదు బావా’ అన్న తీర్పుల్లో సగం ఇక్కడే పుడతాయి. ల్యాప్‌టాప్‌కి పెట్టి చూశాకే తీర్పివ్వాలి.

అయితే అన్ని ఏనుగులూ సాధువులు కావు. హైఫైమాన్ హెచ్‌ఈ-6 అనే ప్లానార్ రకం హెడ్‌ఫోను ఉంది. 50 ఓములే. ఓములు తక్కువ కాబట్టి ఫోనుకే మోగుతుందని ముచ్చటపడి కొన్నవాళ్లున్నారు. దాని సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవరుకి మోగే మోత, మిల్లీవాట్‌కి 83.5 డెసిబెల్స్. అదే 110 చేరడానికి 450 మిల్లీవాట్లు, 4.7 వోల్టులు, 95 మిల్లీఆంపియర్లు కావాలి. డాంగిల్ పెడితే పక్కగదిలో టీవీ వినిపించినట్టు వినిపిస్తుంది. దీనికి గోడ కరెంటు మీద నడిచే డెస్క్‌టాప్ యాంపే గతి. అందుకే ఓములొక్కటే చూసి సంబంధం ఖాయం చేయకూడదు, సెన్సిటివిటీ కూడా చూడాలి. అదీ మిల్లీవాట్‌కా, వోల్టుకా అని అడిగి మరీ చూడాలి. ఒక కంపెనీ మిల్లీవాట్‌కి రాస్తుంది, ఇంకోటి వోల్టుకి రాస్తుంది. 32 ఓముల హెడ్‌ఫోనుకి వోల్టంటే 31 మిల్లీవాట్లు. రెండో పద్ధతిలో రాస్తే అదే వస్తువు కాగితం మీద 15 డెసిబెల్స్ ఎక్కువ పలుకుతుంది. ఒకడు శేరులో, ఒకడు కిలోలో అమ్మే సంతలో తూకం అడగడం తప్పు కాదు.

వాట్ల సంగతికొద్దాం. చిన్నప్పుడు ఇంట్లో టేప్‌రికార్డరు మీద ‘పీఎంపీవో’ (క్షణకాలపు గరిష్ఠం పేరుతో ఉబ్బించిన) వాట్ల స్టిక్కరు చూసి పెరిగిన తరం మనది. ఆ భక్తి అంత తేలిగ్గా పోదు. యాంప్ డబ్బా మీద 2000 మిల్లీవాట్లని ఉంటే చేతులు జోడిస్తాం. అది 32 ఓముల దగ్గరి మాట. ఎనిమిది వోల్టుల దగ్గర ఆగిపోయే యాంప్ 32 ఓములకి రెండు వాట్లిస్తుంది, 300 ఓములకి 213 మిల్లీవాట్లే ఇస్తుంది. అయ్యో అన్యాయం అని అరవబోయే ముందు పై లెక్క మరోసారి చూడండి. మనక్కావలసింది 20. ఆ తగ్గిపోయిన అంకె కూడా అవసరానికి పదింతలు.

పైగా ఈ పవరు మహారాజుకి ఇయర్‌ఫోన్లు తగిలిస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పరు. హై గెయిన్‌లో (మోతని ఎక్కువగా పెంచే సెట్టింగులో) పాట మొదలవకముందే స్‌స్‌స్ అని హిస్. నాబ్ వెంట్రుకవాసి తిప్పగానే చెవులదిరిపోతాయి. అంత కిందన పెడితే పాట ఒక చెవికే ఎక్కువ వినిపిస్తుంది, ఎందుకంటే చవక వాల్యూం పాట్‌లో (నాబ్ వెనకుండే భాగంలో) రెండు చానెళ్ల కార్బన్ ట్రాకులు మొదట్లో సరిగ్గా జత కుదరవు. చెవి చెడిందని కంగారుపడొద్దు. గెయిన్ స్విచ్‌ని ‘లో’ (తక్కువ) వైపుకి మార్చి, నాబ్ సగం దాకా వచ్చేలా వాడితే చాలు.

గాజు ట్యూబులతో నడిచే యాంపుల మీద మోజున్నవాళ్లతో వాదం పెట్టుకోకూడదు గానీ, కొనేముందు ట్యూబు కిందకి ఒకసారి వంగి చూడమనాలి. చాలా చవక మోడళ్లలో ఆ నారింజ వెలుగు ట్యూబుది కాదు, కింద అతికించిన ఎల్‌ఈడీది. నిజమైన ఓటీఎల్ (అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని) ట్యూబు యాంపుల సంగతి వేరు. వాటి అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే యాంప్ తనవైపు నుంచి పెట్టే అడ్డు, ఎక్కువ. హెచ్‌డీ 600 పేరుకి 300 ఓములైనా, బేస్ దగ్గర 500 దాటుతుంది. 100 ఓముల యాంప్ పెడితే ఆ బేస్ ఒక్కటే దాదాపు ఒక డెసిబెల్ పైకి లేస్తుంది. ‘ఆ వెచ్చదనం మాటల్లో చెప్పలేం’ అనే మహానుభావులకి అంకెల్లో చెప్పొచ్చని చెప్పండి. మామూలు యాంపుకి మాత్రం అవుట్‌పుట్ ఇంపెడెన్స్ హెడ్‌ఫోనుదాంట్లో ఎనిమిదో వంతు లోపుండాలి.

చవకంటే నాసిరకం అనేవాళ్లకి ఓ పురాణం. ‘ఎన్‌డబ్ల్యూఏవీగై’ అనే మారుపేరుతో ఒకాయన 2011లో ఓ2 అనే యాంప్ డిజైన్ మొత్తం లోకానికి ఉచితంగా పంచిపెట్టాడు. రెండు 9 వోల్టుల బ్యాటరీలు, రూపాయల్లో దొరికే ఆప్‌యాంప్ చిప్పులు. పక్కనే కొలతలు పెట్టి, ఖరీదైనవాళ్లని పేరుపేరునా కడిగేశాడు. 2012లో మాయమయ్యాడు. నిజానికి, గుడి కట్టాల్సింది ఆయనకి.

ఇక బెంగళూరు వాస్తు దోషం. పీజీ గోడలో మూడు కన్నాల సాకెట్ ఉంటుంది, పై కన్నం తరచుగా అలంకారానికే. అందులోకి ఎర్త్ వైరు రాదు. చార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ లోహపు మూత మీద చెయ్యి ఆనిస్తే సన్నగా జిల్లుమనేది అందుకే. అదే కరెంటు యాంప్ లోకి పాకి, పాట వెనకాల గుయ్యిమంటుంది. దానికి మన భక్తుడు చేసే వైద్యం పన్నెండువేల పవర్ కేబుల్. ఎర్త్ లేని గోడకి పన్నెండువేల కేబులంటే, నీళ్లు రాని కుళాయికి వెండి బిందె. ముందు ల్యాప్‌టాప్ చార్జరు పీకి బ్యాటరీ మీద వినండి. గుయ్యి ఆగితే దొంగ దొరికినట్టే. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి, ఓనరుని బతిమాలి ఎలక్ట్రీషియన్తో ఎర్త్ కలిపించండి. ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టే చిట్కా ఎవరైనా చెబితే, అతనింటికి పిల్లల్ని పంపకండి.

అమెరికా బావగారి సూట్‌కేసులో వచ్చే యాంపుకి పుట్టింటి అడాప్టరు 120 వోల్టులది అయ్యుండొచ్చు. అలాంటిదాన్ని మన 230లో పెడితే పాటకి బదులు పొగ వస్తుంది. పైగా అక్కడి చవక డెస్క్‌టాప్ యాంపుల్లో కొన్నిటి అడాప్టర్లు ఏసీ లోంచి ఏసీ ఇచ్చేవి. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్పీ రోడ్డులో పిన్ను సరిపోయిందని డీసీ అడాప్టరు చేతిలో పెడితే పుచ్చుకోవద్దు, వెనకాల అక్షరాలు చదవండి. అదే వీధిలో 6.35 మిల్లీమీటర్ల హెడ్‌ఫోను ప్లగ్గుని 3.5కి మార్చే పిన్ను కొంటే, బిరుసు కడ్డీలాంటిది వద్దు. డాంగిల్ జాక్‌ని గునపంలా పెకలిస్తుంది. చిన్న వైరుతో వచ్చేది తీసుకోండి. బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌కి (రెండు చెవులకీ ప్లస్సూ మైనస్సూ విడివిడిగా ఇచ్చేదానికి) ప్లగ్గు మీద రెండే గీతలుండే మామూలు హెడ్‌ఫోను తగిలించే అడాప్టరు ఎవరైనా అమ్మితే దండం పెట్టి వచ్చేయండి. రెండు చానెళ్ల మైనస్సులూ లోపల షార్టవుతాయి.

ఇంత విన్నాక కూడా నలభైవేలదే బాగుందంటాడు మెస్సు మిత్రుడు. కాదనకండి, పరీక్ష పెట్టండి. 60 హెర్ట్జ్ టోను మోగించి, మల్టీమీటరు ఏసీ వోల్టుల్లో పెట్టి, రెండు యాంపుల అవుట్‌పుట్‌నీ ఒక్క శాతం తేడాలోకి తెండి. వెయ్యి హెర్ట్జ్ టోను వద్దు, చవక మీటర్లు అక్కడ తప్పు చెబుతాయి. ఆ ఒక్క శాతం 0.1 డెసిబెల్ కిందకొస్తుంది. అంతకు మించితే ఏది గట్టిగా మోగితే అదే ‘క్లారిటీ’ అయిపోతుంది. తర్వాత కళ్లకి తువ్వాలు కట్టి, వైర్లు మార్చే పని మూడోవాడికి ఇచ్చి, పదహారుసార్లు అడగండి. పన్నెండు సరిగ్గా చెబితే మిత్రుడికి బిర్యానీ. ఎనిమిదే చెబితే నలభైవేలది రిటర్న్ గడువు లోపలే వెనక్కి వెళ్లాలి, కాబట్టి దాని అట్టపెట్టె పారేయకుండా, ఓనరమ్మ ఎంత గొణిగినా అటక మీదే ఉంచండి.