సవరణ: డిగ్రీలలో సైన్ అవకలజం

బెంగళూరులో రెండవ పీయూసీ (మన ఇంటర్ రెండో సంవత్సరం లాంటిది) చదువుతున్న మన తెలుగు విద్యార్థుల కోసం ఆదివారం నేను పెట్టిన పాఠంలో, ఎక్స్ డిగ్రీల సైన్‌కు అవకలజం (అంటే మార్పు రేటు) ఎక్స్ డిగ్రీల కొసైన్ అని రాశాను, అది తప్పు. సైన్ అవకలజం కొసైన్ అనే సూత్రం కోణాన్ని రేడియన్లలో (180 డిగ్రీలు అంటే 'పై' రేడియన్లు) కొలిచినప్పుడే చెల్లుతుంది. డిగ్రీలను రేడియన్లలోకి మార్చే గుణకారమే ఇక్కడ లోపలి ప్రమేయం కనుక, ఒక ప్రమేయం లోపల మరొకటి ఉన్నప్పుడు వాడే శృంఖల నియమం ప్రకారం దాని అవకలజంతో, అంటే 'పై'ని 180తో భాగిస్తే వచ్చే సుమారు 0.01745తో, కొసైన్‌ను గుణించాలి. పాఠ్యపుస్తకంలో సంయుక్త ప్రమేయాల భాగం చూసి సరిచేసుకున్నాను. సున్నా నుంచి ఒక డిగ్రీకి సైన్ విలువ పెరిగేది కూడా దాదాపు ఆ 0.01745 మేరకే. నేను రాసినదే నిజమైతే అది 1 దాకా చేరాలి. పాఠాన్ని నోట్సులోకి ఎక్కించుకున్నవారు ఆ వరుసను ఈ రోజే దిద్దుకోవాలని కోరుతున్నాను.