సంచులిచ్చి చేతులు దులుపుకుంటే ఎలా?

హొళగుంద, కౌతాళం లాంటి పడమటి మండలాల కిడ్నీ రోగికి కర్నూలులో వారానికి మూడుసార్లు హీమోడయాలసిస్, అంటే యంత్రంతో రక్తం శుద్ధి చేయించుకోవడం అంటే, వారంలో సగం బస్సులకే సరి. ఇంట్లోనే పొట్ట ద్వారా చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ ఇలాంటి జిల్లాకు తగినదని మా అభిప్రాయం. జాతీయ డయాలసిస్ కార్యక్రమంలో దీనికి 2019లోనే చోటిచ్చారు. హాంకాంగ్ అయితే 1985 నుంచే దీనికి తొలి ప్రాధాన్యమిస్తోంది. వచ్చే కాస్త మూత్రం కూడా ఈ పద్ధతిలో మరికొంత కాలం నిలుస్తుంది.

చిక్కు అంతా ఇన్‌ఫెక్షన్‌తోనే. రోజుకు మూడు నాలుగుసార్లు, పొట్టలోని పాత ద్రవం తీసేసి, సంచిలోంచి సుమారు రెండు లీటర్ల కొత్త ద్రవం పొట్టకు అమర్చిన గొట్టం ద్వారా ఎక్కించాలి. గొట్టం మూత తీసిన ప్రతిసారీ చేతి మీది క్రిమి లోపలికి పోవచ్చు. అలా పోతే వచ్చేది పెరిటోనైటిస్, అంటే పొట్ట లోపలి పొరకు ఇన్‌ఫెక్షన్. కడుపునొప్పి వస్తుంది, బయటికొచ్చే ద్రవం మబ్బుగా ఉంటుంది. అందులో తెల్లకణాలు మైక్రోలీటరుకు 100 దాటాయేమో వెంటనే చూడాలి, యాంటీబయాటిక్‌ను నేరుగా పొట్టలోకే ఎక్కించాలి. ఆలస్యమైతే గొట్టం తీసేయాల్సి వస్తుంది, ఒక్కోసారి ప్రాణాలే పోతాయి. అలాంటి నొప్పికి గ్యాస్ మాత్ర వేసుకుని రెండు రోజులు చూద్దామనుకోవడం మన పల్లెల్లో మామూలే.

పైగా ఇది వలసల ప్రాంతం. ద్రవం మార్చడం నేర్చుకున్న కోడలు సుగ్గికని గుంటూరు మిరప చేలకు పోతే, ఇంట్లో ముసలాయనకు సంచి తగిలించేదెవరు? శిక్షణ ఒక్కరికిచ్చి ఆపితే చాలదు. ఇంటికి ఇద్దరికి నేర్పాలి, కొన్ని నెలలకొకసారి మళ్లీ చేయించి చూడాలి. ద్రవంతో పాటు రోజుకు 5 నుంచి 10 గ్రాముల ప్రోటీన్ పోతుంది కాబట్టి తిండి సంగతీ పట్టించుకోవాలి. అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు ఇవ్వగలిగిన ప్రభుత్వానికి ఈ రోగుల గుడ్డు బరువా?

పెరిటోనైటిస్ ఒక్కో రోగికి ఏడాదికి సగటున 0.4 సార్లకు మించకూడదని అంతర్జాతీయ పెరిటోనియల్ డయాలసిస్ సంఘం 2022లో చెప్పింది. అంటే రెండున్నరేళ్లకు ఒకసారి. జిల్లాలో ఎన్ని సంచులు పంచారన్నది కాదు, ఈ అంకె ఎంతన్నది ఏటా ప్రజల ముందు పెట్టాలి. ఆదోనిలో అర్ధరాత్రి వెళ్లినా ద్రవం పరీక్ష, మొదటి మోతాదు మందు దొరకాలి. కర్నూలుకు పంపడం ఆ తర్వాత.