పిలకలన్నీ గిల్లేస్తే మన ఎండకు కాయలు మాడతాయి
టమాటా మొక్కకు ఆకు సందుల్లో వచ్చే పిలకలన్నీ ఎప్పటికప్పుడు గిల్లేయాలని ఒక వ్యాసంలో రాశారు. మా తిరుపతి ఎండకు ఈ సలహా సరిపడదు. మొదటి ఏడాది నేనూ మిద్దె మీద అలాగే చేశాను. ఏప్రిల్ వచ్చేసరికి కాయలకు ఎండ తగిలే వైపు తెల్లటి మచ్చలు పడి, ఆ చోట తోలు కాగితంలా పలచబడింది. తెగులేమోనని టెన్షన్ పడి వేపనూనె కూడా కొట్టాను. నీడనిచ్చే ఆకు లేక ఎండకు మాడిన కాయలవి. పైగా అన్ని రకాలకూ ఒకే పద్ధతి పనికిరాదు. ఆగకుండా సాగే తీగ రకాలకు గిల్లడం మేలే. పొదలా పెరిగి కొంత ఎత్తులో ఆగిపోయే రకాలకు మాత్రం ఆ పిలకల మీదే పూత వస్తుంది, అవి తీసేస్తే కాపు పోయినట్టే. ఇప్పుడు నేను మొదటి పూగుత్తికి కింద ఉన్న పిలకలు, మట్టిని తాకే ఆకులు మాత్రమే తీస్తున్నాను. నీళ్లు పోసేటప్పుడు మట్టి చింది తెగులు ముందుగా అంటేది ఆ కింది ఆకులకే. మొక్కకు ఊతంగా పాతే కర్ర గురించి ఒక మాట. మదనపల్లె దగ్గర మా పెదనాన్న చేలో కర్రలు పాతి, ఇనుప తీగ లాగి, పురికొసతో వదులుగా కట్టేవారు. కుండీలో అయితే నారు నాటిన రోజే కర్ర గుచ్చండి, ఆలస్యమైతే వేర్లు తెగుతాయి. పురికొసను 8 అంకెలా తిప్పి కడితే కాండం ఒరుసుకోదు.