పాము కాటు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక హెల్త్ డిగ్రీ కట్టొచ్చు, అదీ తిరుపతిలోనే

ఎస్వీ యూనివర్సిటీ 1954లో వచ్చింది, మెడికల్ కాలేజీ 1960లో, మహిళా యూనివర్సిటీ 1983లో, వెటర్నరీ యూనివర్సిటీ 2005లో, ఏర్పేడు వైపున్న ఐఐటీ, సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్ రెండూ 2015లో, ఇవి కాక స్విమ్స్, రుయా ఆస్పత్రులు, అగ్రికల్చర్ కాలేజీ, టీటీడీ ఆయుర్వేద కాలేజీ, ఇన్ని ఒక్క ఊరి చుట్టూ ఉన్న చోట్లు మన రాష్ట్రంలో ఎక్కువ లేవు. అయినా ఇంటర్ అయిపోయిన పిల్ల వచ్చి "నాకు డాక్టర్ అవ్వాలని లేదు, కానీ జనం ఆరోగ్యం గురించే చదవాలనుంది" అంటే ఎక్కడికి పంపాలో ఎవరం చెప్పలేం. నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నీషియన్ అని చెప్తాం, అవన్నీ మంచి కోర్సులే, కానీ ఆ పిల్ల అడిగింది వేరే.

ఇప్పుడు నాలుగేళ్ళ డిగ్రీ వచ్చింది, అన్ని సబ్జెక్టులూ కలపండి అని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్పింది కాబట్టి ఆరోగ్యం మీద ఇలాంటి డిగ్రీ ఇవాళ కాకపోతే రేపు వస్తుంది. నా భయమల్లా ఎలా వస్తుందనే. మామూలుగా జరిగేదేంటంటే ఒక కమిటీ కూర్చుంటుంది, బయాలజీ వాళ్ళు ఒక పేపర్ ఇస్తారు, సోషియాలజీ వాళ్ళొకటి, స్టాటిస్టిక్స్ ఒకటి, ఎకనామిక్స్ ఒకటి, అన్నీ కలిపి సిలబస్ అని ప్రింట్ చేస్తారు, ఏ పేపర్ చెప్పే సార్‌కీ పక్క పేపర్లో ఏముందో తెలీదు, కలుపుకునే పని పద్దెనిమిదేళ్ళ పిల్లల మీద పడుతుంది. అలా కాకుండా సబ్జెక్టులు పక్కన పెట్టి, మన జిల్లాల్లో మనుషుల ప్రాణాలు తీస్తున్న ఒక సమస్యని తీసుకుని సెమిస్టర్ మొత్తం దాని చుట్టూ కట్టాలి. నన్నడిగితే మొదటి సెమిస్టర్ పాము కాటు.

ఎందుకంటే దేశంలో ఏటా సుమారు 58 వేల మంది పాము కాటుతో చనిపోతున్నారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్కేసింది, ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. పోయేది ఎక్కువగా పల్లెల్లో, పొలం పనులు చేసుకునేవాళ్ళు. బంగారుపాళ్యం పక్కన చెరకు తోటకి రాత్రిపూట నీళ్ళు కట్టడానికి పోయిన రైతుని రక్తపింజర కరిచిందనుకోండి, ఆ టైంలో ఆయన అక్కడెందుకున్నాడు అనేది ముందు ప్రశ్న, దానికి జవాబు మెడికల్ పుస్తకంలో ఉండదు, మోటార్లకి కరెంటు ఏ వేళలో ఇస్తున్నారు అనే దాంట్లో ఉంటుంది. కాళ్ళకి బూట్లు లేవు, చేతిలో టార్చి లేదు. కరిచాక కాలికి తాడు బిగించి కట్టారు, అది చెయ్యకూడదు, కానీ కడతారు. తర్వాత పసరు మందు, తర్వాత ఆటో, తర్వాత పీహెచ్‌సీ, అక్కడ్నుంచి చిత్తూరు, అక్కడ్నుంచి తిరుపతి. రక్తపింజర విషం కిడ్నీల్ని దెబ్బతీస్తుంది, ఆలస్యమయ్యేకొద్దీ డయాలసిస్ దాకా పోయే ప్రమాదం పెరుగుతుంది, మనిషి బతికినా ఆ ఇంటి మీద పడ్డ అప్పు ఎన్నేళ్ళకి తీరుతుందో ఎకనామిక్స్ వాళ్ళు లెక్కగట్టాలి.

మందు సంగతి చూడండి. విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కించి వాటి రక్తం నుంచి యాంటీవెనం, అంటే విషానికి విరుగుడు మందు, తీస్తారు, ఇది వెటర్నరీ వాళ్ళు చెప్పాల్సిన పాఠం. దానికి కావాల్సిన విషంలో ఎక్కువ భాగం ఏళ్ళ తరబడి మనకి దగ్గర్లోనే, చెన్నై అవతల వడనెమ్మేలిలో ఉన్న, పాములు పట్టే ఇరుల గిరిజనుల సొసైటీ నుంచి వచ్చింది. ఒకే జాతి పాము విషం కూడా ఒక ప్రాంతానికీ ఇంకో ప్రాంతానికీ తేడా ఉంటుంది, కాబట్టి ఒకచోట తీసిన విషంతో చేసిన మందు ఇంకోచోట అంత బాగా పనిచెయ్యకపోవచ్చు. ఇక్కడ జువాలజీ వస్తుంది, బయోకెమిస్ట్రీ వస్తుంది. మన వైపు యానాదుల్లో పాముల గురించి తెలిసిన పెద్దవాళ్ళున్నారు, వాళ్ళని క్లాసుకి పిలవాలి, పిలిచి శాలువా కప్పి పంపెయ్యడం కాదు, గెస్ట్ లెక్చరర్‌కి ఇచ్చే డబ్బే వాళ్ళకీ ఇవ్వాలి.

ల్యాబ్ కూడా ఖరీదైనదేం అక్కర్లేదు. పాము కాటులో రక్తం గడ్డకడుతోందా లేదా చూసే ఇరవై నిమిషాల పరీక్ష ఉంది. రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి కదపకుండా ఇరవై నిమిషాలు వదిలేసి తర్వాత వంచి చూస్తారు, ఇంకా నీళ్ళలా జారితే విషం రక్తం మీద పనిచేస్తోందని అర్థం. కానీ ఆ గొట్టం ప్లాస్టిక్‌ది అయినా, సబ్బు నీళ్ళతో కడిగిందైనా ఫలితం తప్పొస్తుంది. అంటే పీహెచ్‌సీలో కొత్త గాజు గొట్టాలు స్టాకు ఉన్నాయా, కావాలని ఇండెంట్ (ఆర్డరు) ఎవరు పెట్టారు, అయిపోతే ఎన్నాళ్ళకి వస్తాయి అనేది ఒక మనిషి ప్రాణానికి సంబంధించిన విషయం. ఈ ఒక్క గొట్టం పట్టుకుని కెమిస్ట్రీ నుంచి ప్రభుత్వ కొనుగోళ్ళ దాకా రెండు వారాలు పాఠం చెప్పొచ్చు. పాము కాటు కేసుల్ని తప్పకుండా రిపోర్ట్ చేసేలా చూడమని కేంద్రం 2024 నవంబర్‌లో రాష్ట్రాలకి రాసింది, అది కింద రిజిస్టర్ దాకా ఎలా దిగుతోందో పిల్లలు వెళ్ళి చూడాలి.

ఇలాంటి చదువు మనకి కొత్తేం కాదు. అప్పట్లో చిత్తూరు జిల్లాలోనే ఉన్న మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ శానిటోరియం 1915లో మొదలైంది, 1950ల్లో అక్కడి డాక్టర్లు రోగులు వచ్చేదాకా కూర్చోకుండా చుట్టుపక్కల ఊళ్ళకే పోయి ఎక్స్‌రేలు తీసి టీబీ ఎంతుందో లెక్క తీశారు. తర్వాత కర్ణాటకలోని తుముకూరు వైపు బెనర్జీ, ఆండర్సన్ అనే పరిశోధకులు చేసి 1963లో ప్రచురించిన సామాజిక అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. పల్లెటూరి వాళ్ళకి తెలీదు, ఆస్పత్రికి రారు అని అందరూ అనుకునేవాళ్ళు, తీరా అడిగితే టీబీ లక్షణాలున్నవాళ్ళలో సగం మంది పైనే అప్పటికే ఆస్పత్రికి పోయొచ్చారు, అక్కడ దగ్గు మందు సీసా ఇచ్చి పంపించేశారు. ఎక్స్‌రేతో అది తెలిసేది కాదు, మనుషుల్ని కూర్చోబెట్టి అడిగారు కాబట్టి తెలిసింది.

ఇక సీట్లు. బైపీసీ వాళ్ళకే అని పెడితే ఇది నీట్ రానివాళ్ళు చేరే కోర్సు అయిపోతుంది, అందుకే ఎంపీసీ, సీఈసీ, హెచ్ఈసీ పిల్లల్ని కూడా తీసుకోవాలి, మొదటి ఆరు నెలలు ఎవరికి ఏది తక్కువో అది నేర్పాలి. ప్రతి క్లాసుకీ ఇద్దరు టీచర్లు వేర్వేరు డిపార్ట్‌మెంట్ల నుంచి రావాలి, ఇద్దరికీ పూర్తి వర్క్‌లోడ్ రాయాలి, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఇది రాయకపోతే రెండో సెమిస్టర్ నుంచి ఎవరూ రారు.

ఒక్క విషయంలో మాత్రం నేను కొత్త విధానానికి అడ్డం చెప్తాను. ఏడాది చదివి మానేస్తే సర్టిఫికెట్, రెండేళ్ళకి డిప్లొమా అనే పద్ధతి వేరే కోర్సులకి బాగుండొచ్చు, దీనికి వద్దు. మన పల్లెల్లో ఆర్ఎంపీ బోర్డులు ఎలా వెలుస్తాయో అందరికీ తెలుసు. హెల్త్ అని పేరున్న సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తే సెలైన్ ఎక్కించుకోడానికి జనం వస్తారు, ఆ తర్వాత జరిగేదానికి యూనివర్సిటీ బాధ్యత ఎంతని ఎవరడుగుతారు? మూడేళ్ళలోపు బయటికి పోయేవాళ్ళకి మార్కుల మెమో చాలు, ఈ డిగ్రీతో వైద్యం చెయ్యకూడదని డిగ్రీ పట్టా మీదే తెలుగులో అచ్చెయ్యాలి.

మరి ఉద్యోగం? అమ్మానాన్నలు అడిగే మొదటి మాట అదే, అడగడంలో తప్పు లేదు, అప్పు చేసి చదివిస్తున్నారు. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్ చట్టం ల్యాబ్ టెక్నీషియన్, ఫిజియోథెరపిస్ట్ లాంటి చాలా వృత్తులకి గుర్తింపు దారి చూపించింది, కానీ ఏ ఒక్క వృత్తిలోనూ ఇమడని ఈ పిల్లలకి పోస్టు ఎక్కడుంది? జిల్లా వైద్యారోగ్య శాఖ ఆఫీసులో డేటా చూసేవాళ్ళు కావాలి, మున్సిపాలిటీలో నీళ్ళ శాంపిళ్ళకీ విరేచనాల కేసులకీ సంబంధం చూసేవాళ్ళు కావాలి, పెద్దాసుపత్రుల్లో డిశ్చార్జ్ అయినవాళ్ళు ఇంటి దగ్గర ఎలా ఉన్నారో ఫోన్ చేసి కనుక్కునేవాళ్ళు కావాలి. పని బోలెడుంది, పోస్టు లేదు. అందుకని అడ్మిషన్ నోటిఫికేషన్ కన్నా ముందు ప్రభుత్వం జీవో ఇవ్వాలి, తిరుపతి, చిత్తూరు రెండు జిల్లాల్లో ఏ ఆఫీసులో ఎన్ని పోస్టులకి ఈ డిగ్రీ అర్హత అవుతుందో అందులో రాయాలి, మొదటి బ్యాచ్‌లో సీట్లు ఆ లెక్కని బట్టే పెట్టాలి, అది ముప్పై అయితే ముప్పైకే ఆపాలి.