ఈగ కన్ను చూపించి పిల్లల చుక్కలు ఆపమంటారా?

హిందూపురం పట్టు రైతుల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. ఈగలు, పట్టు చిలుకలు (రెక్కలొచ్చిన పట్టుపురుగులు) విటమిన్ ఎ తినవట, అయినా మనకంటే బాగా చూస్తాయట. వాటి కంటిలో ఖర్చయిన పదార్థాన్ని వెలుగే తిరిగి తయారు చేస్తుందట. కాబట్టి పిల్లలకు విటమిన్ ఎ చుక్కలు దండగ, రోజూ సూర్యుణ్ణి తదేకంగా చూస్తే చాలట! ఇందులో సగం నిజం ఒకటి ఉంది. జనం నమ్ముతున్నది దాన్ని చూసే.

విటమిన్ ఎ తినవన్న మాట మోసం. అవి తినేది కెరోటినాయిడ్లను, అంటే ఒంట్లో విటమిన్ ఎకు ముడిసరుకయ్యే పసుపు, నారింజ రంగు పదార్థాలను. ఆకుకూరల్లో, అనంతపురం తోటల్లో పండే బొప్పాయిలో మనకు దొరికేవీ అవే. పండ్ల ఈగలో ఒకే ఎంజైము కెరోటినాయిడ్‌ను రెండుగా కోసి, ఒక ముక్కను కంటికి కావలసిన వంపు ఆకారంలోకి తిప్పుతుంది. మన ఒంట్లో ఈ రెండు పనులకూ వేర్వేరు ఎంజైములున్నాయి. పట్టుపురుగు సంగతి మన రైతుల చేతిలోదే. కొన్ని జాతుల గూళ్లకు పసుపు రంగు వచ్చేది మల్బరీ ఆకులోని కెరోటినాయిడ్ల వల్లే. అవి లేని మేతతో పెంచిన పురుగులు చిలుకలయ్యాక, వాటి కళ్లు వెలుగును పసిగట్టే శక్తి బాగా పడిపోయిందని ప్రయోగాల్లో తేలింది. మేతలో లేనిదాన్ని వెలుగు పుట్టించలేదు.

ఇక ఆ సగం నిజం. విటమిన్ ఎ నుంచి తయారై కంటిలో వెలుగును పట్టే అణువు రెటినాల్. వెలుగు తాకగానే దాని వంపు పోయి నిటారవుతుంది. మన కంటిలో అది ఆప్సిన్ అనే ప్రోటీను నుంచి విడిపోయి, రెటీనా (కంటి లోపలి తెర) వెనకున్న కణాల పొరలోకి చేరి, అక్కడ మళ్లీ వంపు తిరిగి రావాలి. ఆ పని చీకట్లోనూ జరుగుతుంది. చూపులో విటమిన్ ఎ పాత్రను తేల్చిన జార్జ్ వాల్డ్ 1967 నోబెల్ బహుమతిని పంచుకున్నారు. పండ్ల ఈగలో ఉండేది రెటినాల్‌కు కొద్దిగా మారిన రూపం. వెలుగు తాకినా అది ప్రోటీనును వెంటనే వదలదు. వెలుగును పట్టే ప్రధాన కణాల్లో సుమారు 480 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న నీలి వెలుగుకు నిటారైన అణువు, 570-580 దగ్గరి పసుపు, నారింజ వెలుగు తగిలితే అక్కడే వెనక్కి వంగుతుంది. స్క్విడ్ కంటిలోనైతే రెటినోక్రోమ్ అనే వేరే ప్రోటీను నిటారైన రెటినాల్‌ను పట్టుకుని, వెలుగు సాయంతోనే వంచుతుంది. అద్భుతమైన ఏర్పాట్లే. అయితే రెండు చోట్లా వెలుగు చేసేది ఉన్న అణువును తిప్పడమే, కొత్తది తయారు చేయడం కాదు. పైగా మన రెటీనాలో చూపునిచ్చే కడ్డీ, శంకు కణాల ఆప్సిన్లకు ఈగ కంటి పద్ధతి లేనే లేదు.

మనకంటే బాగా చూస్తాయా? వేగంగా కదిలేదాన్ని పట్టడంలో ఈగదే పైచేయి. సూక్ష్మ వివరాల్లో కాదు. పండ్ల ఈగ ఒక్కో కంటిలో ఉండేవి సుమారు 750 నుంచి 800 చిన్న కటకాలు, అంతే.

సూర్యుణ్ణి చూపించమనడం అన్నింటికంటే ఘోరం. ఆ వెలుగు రెటీనా మధ్యభాగాన్ని కాల్చేస్తుంది. నొప్పి తెలియదు, చూపు మాత్రం శాశ్వతంగా దెబ్బతినవచ్చు. విటమిన్ ఎ లోపం మొదట రేచీకటిగా కనబడుతుంది, ముదిరితే నల్లగుడ్డు కరిగి చూపే పోతుంది. అందుకే మన దేశంలో తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, ఆ తర్వాత ఐదేళ్లు నిండే వరకు ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల మందు ఇస్తారు. మోతాదు మించితే హాని కాబట్టి సొంతంగా కొని పోయవద్దు. ఏఎన్‌ఎం దగ్గరే వేయించి, టీకా కార్డులో తేదీ రాయించుకోండి.